అమెరికావాడి చెయ్యి

ఆ అమెరికా నటుడు మా ఇంట్లో చావని వారం లేదు. కత్తి దిగి చచ్చాడు, ఉరి పడి చచ్చాడు, వంతెన మీద నుంచి నీళ్ళలో పడి చచ్చాడు, మంచులో గడ్డకట్టుకుపోయి చచ్చాడు. ఒకసారి కన్నకొడుకు చేతిలోనే చచ్చాడు. చచ్చిన ప్రతిసారీ మా అబ్బాయి టీవీ ఆపి, వెనక్కి తిప్పి, ఇంకోసారి చంపి చూసేవాడు.

కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన మాది రెండు గదుల ఇల్లు. గూడ్సు బండి పోతుంటే గిన్నెలు కదులుతాయి, టీవీలో మాట వినపడదు. అందుకని నేను ఆ నటుణ్ణి మాటతో కాక చూపుతో తెలుసుకున్నాను.

నాది మూడో తరగతి చదువు. ఇది రాస్తుంటే తప్పులు నా మనవరాలు దిద్దింది. అక్షరాలు దిద్దమన్నాను గానీ మాట తియ్యడానికి మాత్రం వీల్లేదన్నాను.

ముప్పై ఏళ్ళ పైన ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కోశాను. తెల్లారకముందే పడవలు వస్తాయి, వేలంపాట మొదలవుతుంది, బుట్టలు కదులుతాయి. నీడ ఉన్న నాలుగు అడుగుల చోటు కోసం ఆడవాళ్ళు కత్తిపీటలు ఎత్తడం చూశాను. ఒకామె ఇంకొకామె ముంజేయి ఎముక కనపడేదాకా చీరేస్తే, ఆ రక్తం మీద ఐసు పొడి పోసి, మళ్ళీ కోతకి కూర్చున్నాం. ఒకసారి ఒకడు నా బుట్ట తన్నాడు. మంచుకి బిగుసుకుపోయిన చేపని తోక పట్టుకుని వాడి దవడ మీద వేశాను. పన్ను ఊడింది. చేప పాడవలేదు, దాన్ని కడిగి అమ్మేశాను. అక్కడ చెయ్యి మెత్తగా ఉన్నదానికి ఆ పూట కూడు లేదు. ఆ చేతినే రోజూ ఇంటికి కూడా తెచ్చుకున్నాను.

నా పెనిమిటి పడవ మీద పనికెళ్ళాడు. పడవ తిరిగొచ్చింది, అతను రాలేదు. శవం దొరకలేదు. శవం దొరకనివాడి పెళ్ళానికి గాజులు తియ్యరు. ఏడేళ్ళు చూడాలన్నారు పెద్దవాళ్ళు. ఈలోగా గాజు తనంతట తాను పగిలితే మనిషి లేనట్టే లెక్క అని కూడా అన్నారు. అప్పటికి నా కొడుక్కి అయిదేళ్ళు. నా చేతులకి మూడేసి ఎర్ర గాజులు. మా ఆయనది ఒక్క తెల్ల చొక్కా మిగిలింది. ఆ గాజులతో కత్తిపీట ముందు ఎలా కూర్చున్నానో నాకే తెలుసు. పాతగుడ్డ చుట్టుకుని కోసేదాన్ని. పిల్లవాణ్ణి కొట్టాలన్నా అంతే. ముందు గాజులు ఒక్కొక్కటీ తీసి గూట్లో పెట్టి, చెయ్యి నడుముకేసి రెండుసార్లు తుడుచుకుని, అప్పుడు కొట్టేదాన్ని.

కొట్టేదాన్ని. తరచుగానే కొట్టేదాన్ని.

వాడికి పదకొండో ఏట బడిలో నాటకం వేశారు. యుద్ధంలో చచ్చిపోయే సైనికుడి వేషం వాడిది. ఆ సంగతి హార్బర్‌లో ఎవరో చెబితే పని మధ్యలో లేచి వెళ్ళాను. సంతోషంగానే వెళ్ళాను. వెళ్ళేసరికి బల్లల మీద నా కొడుకు శవమై పడుకుని ఉన్నాడు. ఒంటి మీద వాళ్ళ నాన్న తెల్ల చొక్కా. దాని నిండా పసుపూ సున్నమూ కలిపిన ఎర్ర నీళ్ళు. జనం చప్పట్లు కొడుతున్నారు.

రోడ్డంతా రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చాను. ఇంట్లోకి రాగానే గాజులు తీశాను.

"సొక్కా ఇప్పు. సిరిగితే మీ నాన్న వొచ్చి ఏటి తొడుక్కుంటాడు?"

వాడు విప్పాడు. మడత పెట్టమంటే మడత కూడా పెట్టాడు. పడవ తాడు ముక్క ఒకటి తలుపు వెనక ఉండేది, తడిసి తడిసి కర్రలాగ అయిపోయింది. దాంతో వీపు మీద కొట్టాను. వాడు చేతులు అడ్డం పెట్టి తల తిప్పాడు. దెబ్బ ఎడమ చెవి మీద పడింది. ఆగలేదు, ఇంకా కొట్టాను. చెవిలోంచి నెత్తురు మెడ దాకా వచ్చాక ఆగాను. పసుపూ సున్నమూ కలిపిన ఎరుపు వేరు, ఇది వేరు. ఆ తేడా ఆరోజు తెలిసింది.

జ్వరం వచ్చి చెవికి చీము పట్టిందని డాక్టరుకి చెప్పాను. పక్కనే నిలబడి వాడు అవునన్నాడు. తరువాత ఎవరడిగినా అదే మాట. వాడికి పెళ్ళి చూపుల్లో పెళ్ళికూతురి వాళ్ళు అడిగినా అదే. ఇన్నేళ్ళూ ఆ అబద్ధాన్ని ఇద్దరం కలిసి మోశాం. మోసినంతకాలం వాడు నన్ను ఏమీ అనలేదు. అందుకే దాన్ని దించాలంటే నాకు భయం.

ఏడేళ్ళు నిండాక గాజులు నేనే తీసి డబ్బాలో పెట్టుకున్నాను. ఒక్కటీ పగల్లేదు.

ఇక ఆ అమెరికా నటుడు. మా వాడు పోర్టులో క్రేన్ ఆపరేటరు. ఆ పని దొరికిన కొత్తలో తెలుగు మాటలు కలిపిన ఇంగ్లీషు సినిమాలు ఇంటికి తెచ్చుకునేవాడు. అతని కథ కూడా వాడే నాకు చెప్పాడు. బీదవాడట. నాటకాల హాల్లో కుర్చీలు తుడిచేవాడట. ఒకరోజు సేవకుడి వేషంవాడు రాకపోతే ఇతన్ని తోసేశారట. పళ్ళెం పట్టుకుని లోపలికొచ్చి బయటికి పోవాలి, అంతే. ఆ పోవడం చూసి జనం అసలు రాజుని మరిచిపోయారట. తరువాత దొంగ, తాగుబోతు, జైలువాడు. సినిమాలో మొదట వేసినవన్నీ తన్నులు తినే వేషాలే. ఆ తరువాత తన్నే వేషాలు. పేరొచ్చాక చర్చి ఫాదరీ వేశాడు, న్యాయాధికారి వేశాడు, గుడ్డివాడు వేశాడు. ఎంత పేరొచ్చినా ఏడాదికోసారి నాటకానికి తిరిగెళ్ళేవాడట.

"మరి సినిమా ఒగ్గీసి స్టేజీ ఎందుకురా ఆడికి?" అని అడిగాను ఒకసారి.

"సినిమాలో తప్పు కొడితే మళ్ళీ కొట్టొచ్చమ్మా. స్టేజీ మీద కొట్టిందే దెబ్బ."

సినిమా సినిమాకీ అతను నాకు కొత్తవాడే. జుట్టు మారుతుంది, ముక్కు మారుతుంది, లావైపోతాడు, బక్కచిక్కిపోతాడు. కానీ చేపలు కోసేవాళ్ళం మనిషిని చేతిని బట్టి చూస్తాం. అతని కుడి చిటికెనవేలు కొంచెం బయటికి వంగి ఉంటుంది. తెర మీద ఎవరొచ్చినా ముందు చేతులు చూసేదాన్ని.

"అదిగో, ఆ ముసిలి ఫాదిరీ మనోడే."

"ఓలమ్మ! నానే పట్టలేదు. ఎలగ తెలిసింది నీకు?"

"మొకం ఎన్ని మార్చినా ఆ ఏలు ఎక్కడ దాస్తాడు?"

వాడు నవ్వేవాడు. నా పక్కన కూర్చుని నవ్విన సమయాలు అవే.

మా వాడు కూడా అలాంటివాడే అయ్యాడు, ఈ ఊరి మేరకి. నాటిక పోటీలకి వెళ్ళి ముసలివాడు, పోలీసు, పిచ్చివాడు, ఆడవేషం, ఏదిచ్చినా వేసేవాడు. ఎక్కడ నాటకమైనా నేను ముందు వరసలోనే. ఇంటి నుంచి మరమరాలు మూట కట్టుకెళతాను, అక్కడ అమ్మేవి కొనను. వాడు ఎప్పుడూ మిగతావాళ్ళకి ఎడమ పక్క నిలబడేలా చూసుకుంటాడు, వాళ్ళ మాట కుడి చెవిలో పడాలి కదా. తల కొంచెం వంచి, ముఖం తిప్పి వింటాడు. ఒకాయన పేపర్లో కూడా రాశాడు, ఈ నటుడు ఎదుటివాడి మాట వినే పద్ధతి చాలా గొప్పదని. ఆ కాగితం కోడలు చింపి దాచింది. నేను చదివి మళ్ళీ మడిచి ఇచ్చేశాను.

మా కోడలిది గోదావరి వైపు. వాళ్ళ నాన్న స్టీలుప్లాంటు పనికని ఈ ఊరొచ్చాడు. మెత్తని మనిషి. పెళ్ళైన దగ్గర్నుంచి ప్రతి ఆదివారం వాడి ఎడమ చెవిలో వెల్లుల్లి కాచిన నూనె పోస్తుంది.

"జ్వరానికి పోయిన చెవి కదండీ అత్తయ్యగారూ, వేడి తగిలితే ఎప్పటికైనా తెరుచుకుంటుందేమో," అనేది.

"నూనె ఎక్కువ పొయ్యకు," అనేదాన్ని నేను. అంతకన్నా ఏమనను?

పోయిన ఏడాది ఒక సినిమా వచ్చింది. అందులో ఆ అమెరికా నటుడు నోట్లో నాలుక లేని గుమాస్తా. ఒకడు అతని ఇంట్లో దూరి దొరికిపోతాడు. ఇతను కేకలు వెయ్యడు. కళ్ళజోడు తీస్తాడు, జేబుగుడ్డతో తుడుస్తాడు, మడిచి బీరువా మీద పెడతాడు. అప్పుడు కుర్చీ కాలు విరిచి, వాడు కదలకుండా అయిపోయేదాకా కొడతాడు. తరువాత కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని చూస్తాడు. మా కోడలు కళ్ళు మూసుకుంది.

నేను మెచ్చుకున్నాను. "ఈడు సంసారం తెలిసినోడురా. కోపంలో కూడా కళ్ళజోడు పగలగొట్టుకోలేదు, సూసేవా?"

వాడు టీవీ ఆపాడు. తెరకేసి కాదు, గాజుల్లేని నా మోడు చేతులకేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"సూసేనమ్మా," అన్నాడు.

ఆ తరువాత కొన్నాళ్ళకే కొత్త నాటిక తీసుకున్నాడు. రైల్వే బడిలో పనిచేసి రిటైరైన మాస్టారు రాశారు. అందులో కొడుకు దొంగతనం చేశాడనుకుని తండ్రి వాణ్ణి కొట్టి చంపేస్తాడు. వస్తువు తరువాత ఇంట్లోనే దొరుకుతుంది. తండ్రి వేషం మా వాడిది. ఇంట్లో తలగడ మీద సాధన చేసేవాడు. ఆ దెబ్బలకి నా మనవరాలు పుస్తకం పట్టుకుని పక్కింటికి పోయేది. ఒక తలగడ పిగిలింది. దూదంతా ఏరి మళ్ళీ కుట్టాను.

"ఎందుకండీ ఈ వేషం? మీరెప్పుడైనా పిల్ల మీద చెయ్యెత్తారా?" అని అడిగింది కోడలు.

"ఎత్తలేదు. అందుకే ఇక్కడ ఎత్తుతన్నాను," అన్నాడు వాడు.

పోటీ ముందురోజు నా దగ్గరకొచ్చి నిలబడ్డాడు. "ఈ ఒక్క నాటకానికీ నువ్వు రావద్దమ్మా."

"ఎందుకురా?"

"నడుం నొప్పంటావు కదా. కుర్చీలు బాగోవు."

ముప్పై ఏళ్ళలో వాడు నన్ను రావద్దనడం అదే మొదలు. వాడు దేనికి దాస్తున్నాడో నాకు తెలిసింది. తెలిసి కూడా మరమరాలు మూట కట్టుకున్నాను. వాడు ముందే వెళ్ళిపోయాడు. సాయంకాలం సిటీ బస్సెక్కి, కోడలితో కలిసి వెళ్ళి, ఈసారి ముందు వరసలో కాక నాలుగో వరసలో కూర్చున్నాను.

తెర లేచింది. మట్టి గోడ, ఒక గూడు, మంచం. కొడుకు వేషంవాడు పోర్టులో ఎలక్ట్రీషియను, చిన్న మనిషి. మంచం వెనక నక్కితే తల మాత్రమే కనిపిస్తుంది. మా వాడు లోపలికొచ్చాడు. అరవలేదు. చేతి గడియారం తీశాడు. చొక్కా అంచుతో అద్దం తుడిచాడు. గూట్లో పెట్టాడు, కింద పడకుండా ఇంకొంచెం లోపలికి జరిపాడు. కుడిచెయ్యి నడుముకేసి తుడుచుకున్నాడు. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

నా ఒళ్ళో మూట విప్పి ఉంది. గింజ నోట్లో పెట్టలేదు.

"సొక్కా ఇప్పు. సిరిగితే..."

అక్కడ ఆగాడు. మిగతా సగం వాడు నోట్లోనే మింగేశాడు. హాల్లో నవ్వారు. వెనకవైపు ఒకడు "పిసినారి బాబు!" అన్నాడు. ఆ నవ్వు ఇంకా అణగలేదు, వాడు తాడు ఎత్తాడు.

మంచం వెనక ఉప్పు బస్తా పెట్టుకున్నారని నాకు తెలుసు. ఆ చప్పుడు బస్తాదని కూడా తెలుసు. అయినా ఒక్కొక్క దెబ్బకీ నా భుజం అదిరింది, తగిలినదానిలా కాదు, కొట్టినదానిలా. మోచెయ్యి వెనక్కి ఎంత పోవాలో, ఎక్కడ తిరగాలో అంతా నాదే. దెబ్బకీ దెబ్బకీ మధ్య తాడుని చేతికి సర్దుకోవడం నాదే. మంచం వెనక మనిషి అరిచాడు, తరువాత మూలిగాడు, తరువాత ఊరుకున్నాడు. మా వాడు ఇంకా కొడుతూనే ఉన్నాడు. ముందు వరసలో ఒక ఆడమనిషి "చాలు బాబూ!" అని గట్టిగా అంది. ఉప్పు బస్తా చినిగి, తెల్లగా స్టేజీ మీదకి కారింది. అప్పుడు ఆగాడు. వెళ్ళి గడియారం పెట్టుకుని, టైము చూసుకున్నాడు.

తెర పడ్డాక చప్పట్లు కొట్టారు. ఎంతసేపటికీ ఆపలేదు.

పోటీలో నాటిక అయ్యాక నటుల్ని వరసగా నిలబెట్టి పరిచయం చేస్తారు. తీర్పరుల్లో తెల్లజుట్టు పెద్దాయన ఒకరు మైకు తీసుకున్నారు.

"బాబూ, ఆ గడియారం తీసి పెట్టడం, చెయ్యి తుడుచుకోవడం, ఇవి రాసిందాంట్లో ఉన్నాయా?"

"లేవండి," అన్నాడు మా వాడు.

"మరి ఎక్కడ పట్టావు? ఎవర్ని చూసి?"

వాడు హాలంతా కళ్ళతో వెతికాడు. నేను కనిపించానో లేదో తెలియదు.

"ఒక అమెరికా నటుడున్నాడండి. స్టేజీ మీద నుంచి సినిమాలకెళ్ళినాయన. చిన్నప్పట్నుంచీ ఆయన్నే చూస్తున్నాను. ఆ చెయ్యి ఆయనదండి."

చప్పట్లు. మైకులో మాట్లాడేటప్పుడు వాడి యాస కూడా మారిపోయింది.

నా బతుకులో నేను ఎవరి వస్తువూ తీసుకోలేదు. నాది ఒకరికి పోనివ్వలేదు. పైగా ఆ అమెరికావాడు చేసిన పాపమేమిటి? పళ్ళెం పట్టుకుని ఇంత దూరం వచ్చినవాడు. నా కొడుకు నా తప్పుని మోసి మోసి, చివరికి సముద్రం అవతల మనిషి నెత్తిన పెట్టాడు. పెట్టి నన్ను కాపాడాననుకున్నాడు. ఆ చప్పట్లు నేను తట్టుకోలేకపోయాను. లేచాను.

"అత్తయ్యగారూ, కూర్చోండి," కోడలు కొంగు లాగింది.

"ఆ సేయి అమెరికావోడిది కాదు. నాది," అన్నాను.

చుట్టుపక్కల నలుగురు తిరిగి చూశారు. స్టేజీ మీద వాడు పెద్దాయన వైపు తిరిగి ఉన్నాడు. ఎడమ చెవి నావైపుంది. వినలేదు. పక్కన ఎలక్ట్రీషియను భుజం తడితే ఇటు తిరిగాడు. తల వంచి, కుడి చెవి పెట్టి, పేపర్లో రాశారే, ఆ పద్ధతిలోనే, "ఏటమ్మా?" అన్నాడు.

ఒకసారి అనడమే కష్టం. ఆ చెవి పోగొట్టినదాన్ని కాబట్టి రెండోసారి అరిచి చెప్పాల్సి వచ్చింది.

"ఆ సేయి నాదిరా! నీ సెవి జొరానికి పోనేదు. నానే కొట్టేను. తాడుతో."

హాల్లో ఎవరో ఇది కూడా నాటకంలో ముక్కే అనుకుని రెండు చప్పట్లు కొట్టి ఆపేశారు. వాడు స్టేజీ అంచుకొచ్చాడు. ముఖానికి రంగు ఉంది, ఏమనుకుంటున్నాడో తెలియలేదు.

"నాకు తెల్దేటమ్మా? తెలుసు. కూకో."

కూర్చున్నాను. మరమరాలు కాళ్ళ కింద పడిపోయి ఉన్నాయి. వంగి ఏరుకున్నాను. నాకు వేరే పని తోచలేదు.

బస్సులో కోడలు నా పక్కన కూర్చోలేదు. ముందు సీటులో కూర్చుని, ఆర్టీసీ కాంప్లెక్సు దాటేదాకా అటే చూసింది. తరువాత వెనక్కి తిరగకుండానే అంది: "పద్నాలుగేళ్ళు వెల్లుల్లి నూనె పోశానండీ ఆ చెవిలో. ప్రతి ఆదివారం. మీరు పక్కనే కూర్చుని చూశారు. ఒక్క మాట చెప్పలేకపోయారా?"

నేను మరమరాల మూట ముడి విప్పి మళ్ళీ కట్టుకున్నాను. ఇప్పటికీ ఆమె నాకు అన్నం పెడుతుంది, పేరుకి అత్తయ్యగారూ అంటుంది. ఆదివారం నూనె కాచడం మాత్రం మానేసింది.

వాడు నిలబడే వచ్చాడు. సీటు ఖాళీ అయ్యాక వచ్చి పక్కన కూర్చోబోయాడు. ఎప్పుడూ నేను వాడి ఎడమ పక్క కూర్చుంటాను. అటైతే మాటలుండవు. ఆరోజు కిటికీ వైపు జరగమన్నాడు. జరిగితే వాడి కుడి చెవి నా పక్కకొచ్చింది. కంచరపాలెం మెట్టు స్టాపు దగ్గరికొచ్చాక అడిగాడు.

"ఎలగుంది?"

క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. కానీ వాడు అడిగింది అది కాదు. నటుడిగా అడిగాడు, నాటకం చూసిన మనిషిని అడిగాడు. అబద్ధం చెప్పదలచుకోలేదు.

"దెబ్బలు బాగున్నాయి. సొక్కా కాడ నవ్వేరు. నవ్వనీకూడదు. సిరిగితే అనీసి అక్కడ ఆగిపోనావు, అందుకే నవ్వేరు. ఆరోజు నాను ఆగలేదు."

వాడు ఆ మాట కుడి చెవితో పూర్తిగా విన్నాడు. "మిగతా ముక్క అననా అయితే? నాన్న ముక్క?"

"అను," అన్నాను. "అది కూడా నాదే."

తరువాతి నెలలో అదే నాటిక ఇంకో ఊళ్ళో వేశారు. కోడలు రాలేదు, నేను వెళ్ళాను, ముందు వరసలో కూర్చున్నాను. వాడు గడియారం తీసి పెట్టాడు, చెయ్యి తుడుచుకున్నాడు. మాట మొత్తం, మీ నాన్న వొచ్చి ఏటి తొడుక్కుంటాడు అన్నదాకా, ఆపకుండా అన్నాడు. నాటికలో తల్లి పాత్ర లేదు, మీ నాన్న అన్న మాట ఆ తండ్రి నోట ఎలా కుదురుతుందని మాస్టారు ముందే గొడవ పెట్టారట. వాడు వినలేదు. హాల్లో ఎవరికీ అది తప్పుగా తోచలేదు. ఎవరూ నవ్వలేదు.